అంబాసిడర్ పడవ

నర్సీపట్నంలో జీపు సీటు చిరిగిందంటే డ్రైవర్లు తిన్నగా గంగాభవాని దగ్గరికే వచ్చేవాళ్ళు. అబీద్ సెంటర్ దాటి చింతపల్లి రోడ్డు పట్టేచోట ఆమె మొగుడు రాజాబాబు టింకరింగ్ షెడ్డు. సొట్టలు తీయడం, రేకు అతకడం, రంగు వేయడం అతని పని. అదే షెడ్డులో ఒక మూల ఆమె కుట్టుమిషను, రెక్సిను చుట్టలు, గోడకు గుచ్చిన దబ్బనాలు. ఏజెన్సీ కొండలెక్కే జీపుల్లో కూర్చునేవాళ్ళకన్నా వేలాడేవాళ్ళే ఎక్కువ కనుక ఆ సీట్లు ఏడాది ఆగితే గొప్ప. ఆమెకు పనికి కొదవ లేదు. కుట్టు గట్టిది, నోరు అంతకన్నా గట్టిది.

"మొన్న కుట్టిన సీటు అప్పుడే సిరిగిపోనాదేటి భవానీ?" అని ఏ డ్రైవరైనా దీర్ఘం తీశాడో, అయిపోయాడే.

"సీటుకి నోరుంటే నిన్నే తిట్టును. మడుసుల్తోపాటు మేకల్ని కూడా ఎక్కించినప్పుడు గేపకం రానేదేటి?"

అంత నోరున్న మనిషికి ఒక భయం ఉందంటే ఎవరూ నమ్మరు. ఉంది. గంగాభవాని పడవ ఎక్కదు. ఎక్కడం మాట అటుంచండి, సముద్రం ఉన్న దిక్కుకే పోదు. మొగుడు విశాఖ బీచి చూపిస్తానంటే తలనొప్పి అంటుంది. ఉపమాక కల్యాణానికి వెళ్ళినా, అక్కడి నుంచి కాస్త దూరంలో ఉన్న ఒడ్డుకు రమ్మంటే కాళ్ళు నొప్పులంటుంది. పుట్టింది మాత్రం ఆ ఒడ్డునే.

నక్కపల్లి అవతల, సముద్రాన్ని ఆనుకుని ఒక చిన్న జాలరి పేట. ఆ పేటలో ఒక ఆచారం ఉండేది. కొత్త పడవ నీళ్ళలోకి దిగేలోపు దాని మీద ఆడదాని కాలు పడకూడదు. ఎందుకని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. అడిగినవాళ్ళను ఎగాదిగా చూసేవాళ్ళు మాత్రం బోలెడుమంది. తొంభై ఒకటిలో గంగాభవాని తండ్రి మత్స్యలింగం, అతని తమ్ముడు అప్పలకొండ కలిసి కొత్త పడవ కట్టుకున్నారు. ఒక మధ్యాహ్నం అందరూ నీడపట్టున కునుకు తీస్తుంటే, ఎనిమిదేళ్ళ గంగాభవాని ఆ పడవ ముక్కు మీదికెక్కి, కర్రపుల్లను తెడ్డులా ఆడిస్తూ పాట పాడుకుంది. చూసినవాడు అప్పలకొండ. రెక్క పట్టి కిందికి లాగి చెంప పగలగొట్టాడు. పెద్దవాళ్ళు పసుపునీళ్ళతో పడవ కడిగించి, కోడిని కోయించి, దోషం పోయిందన్నారు. పడవ నీళ్ళలో దిగింది.

ఆ పడవ మొదటి వేటల్లోనే ఒక రోజు గాలి లేచింది. చెక్క పట్టుకుని ఈదుకుంటూ అప్పలకొండ ఒడ్డుకు చేరాడు. మత్స్యలింగం చేరలేదు. ఒడ్డున ఇసకలో పడి తల బాదుకుంటూ అప్పలకొండ అరిచాడు, "ఆడపిల్ల కాలెట్టిన పడవరా అది! ఆయేలే సెప్పినాను, ఎవులిన్నారు?" పేటంతా విన్నది. తల్లి కాసులమ్మ వెనకాల నిలబడి ఆ పిల్లా విన్నది.

కర్మ కాగానే కాసులమ్మ కూతుర్ని తీసుకుని నర్సీపట్నం వచ్చేసింది. మళ్ళీ కాపురం పెట్టడానికి ఆ పేటకు పోలేదు. పొద్దున్నే బస్సెక్కి ఒడ్డుకు వెళ్ళి, గంప నింపుకుని వచ్చి మార్కెట్లో చేపలమ్మేది. ఎప్పుడూ కూతుర్ని వెంట తీసుకెళ్ళలేదు. సీట్లు కుట్టే ఒక ముసలాయన కొట్లో దింపి వెళ్ళేది, అక్కడే ఆ పిల్లకు దబ్బనం పట్టడం వచ్చింది. చేపల దగ్గర కాసులమ్మ నోటికి మార్కెట్టంతా జడిసేది. కాని మొగుడు పోయిన సంగతి గురించి, ఆ పడవ గురించి, కూతురు కాలు గురించి ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. అవునని అనలేదు, కాదనీ అనలేదు. తల్లి తిట్టినా బాగుండేదని గంగాభవాని చాలాసార్లు అనుకుంది. తిట్టకపోవడమంటే అమ్మ నమ్ముతున్నట్టే కదా అని ఆ పిల్ల లెక్క. అలా నమ్ముకునే పెరిగింది, పెళ్ళి చేసుకుంది.

రాజాబాబుది కోటవురట్ల దగ్గర చెరుకు రైతుల ఇల్లు. మామగారు వేటకు వెళ్ళి పోయారని తెలుసు, అంతవరకే. పెళ్ళాం మిగతాది చెప్పలేదు. చెప్పిన రోజు నుంచి తన ముఖం చూడడం మాని కాళ్ళకేసి చూస్తాడేమోనని ఆమె భయం.

రెండువేల ఏడులో ఒక టీవీ ఛానెల్ వాళ్ళు "బండి మారిందోయ్" అని పోటీ పెట్టారు. పాత కారు ఒకటి తెచ్చుకుని, దాన్ని ఎవరూ కనీవినీ ఎరగని బండిగా మార్చాలి. బొమ్మ కాదు, నడవాలి. గెలిచిన జట్టుకు కంప్రెసరు, వెల్డింగు సెట్టు, రంగు గది, ఒక షెడ్డుకు కావలసిన సరంజామా అంతా ఇస్తారు. రాజాబాబు ఆ ప్రకటన చూసిన రోజు అన్నం సరిగా తినలేదు. చేతిపంపుతో రంగు కొట్టి కొట్టి భుజం పడిపోయినవాడికి, గాలితో రంగు చిమ్మే కంప్రెసరంటే ఏమిటో మనకు చెబితే అర్థం కాదు.

షెడ్డు వెనక, తుప్పుపట్టిన అంబాసిడరొకటి చాన్నాళ్ళుగా పడి ఉంది. ఇంజను బాగుంది. రాజాబాబు పెళ్ళానికి చెప్పకుండా ఫోన్ చేసి, పేర్లు రాయించి, ఏం చేయబోతున్నారో కూడా చెప్పేసి, ముఖం వెలిగిపోతూ వచ్చాడు.

"పడవ సేద్దామే! అంబాసిడర్ని పడవ సేసీద్దాం. తెరసాప లేస్తాది, తెడ్లు వాటంతటవే ఆడతాయి. వైపరు మోటారెట్టేస్తాను."

గంగాభవాని చేతిలో దబ్బనం ఆగింది. "పడవేటి? నీకు ఇంకేటీ తోచనేదా?"

"నువ్వు పడవోల్ల పిల్లవు కదే! మా కోటవురట్లోల్లకి బెల్లం పెనం తప్ప ఏటి తెల్సు? అసలు పడవలాగే, మేకుల్లేకుండా తాడుతో కుట్టీసినామనుకో, టీవీవోల్లు నోరెల్లబెడతారు. నువ్వున్నావనే గదా అనుకున్నాను."

నిజం అక్కడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. అతని ముఖం చూసి మింగేసింది. ఇదేమన్నా పడవా, కారే కదా, కారుకు ఆడదేంటి మగాడేంటి అని తనకు తానే నచ్చజెప్పుకుంది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా? తొక్కేముందు ఆ సామెత ఎవరికీ గుర్తు రాదు, అదీ చిక్కు.

ఒక్క ఏర్పాటు మాత్రం చేసుకుంది. ఆ ఒడ్డున పడవలు కుట్టేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు బయట, ఒకరు లోపల. బయటివాళ్ళు పలక బెజ్జంలోంచి తాడు దూరుస్తారు, లోపలివాళ్ళు అందుకుని లాగి, బిగించి, పక్క బెజ్జంలోంచి తిరిగి బయటికి ఇస్తారు. పలకల సందుల్లో ఎండుగడ్డి పేని పెట్టి, ఆ గడ్డి మీదుగానే కుట్టు వేస్తారు. అలకు పలక వంగాలి తప్ప విరగకూడదని. తండ్రి పని చేస్తుంటే పక్కన కూర్చుని చూసిన పిల్లకు అదంతా వేళ్ళలోనే ఉంది.

"నేను బయటుంటాను. నువ్వు లోపలుండి తాడందుకో" అంది.

"నువ్వే లోపలుంటే బాగుంతాది గదా? నీ సెయ్యి సిన్నది."

"సెప్పింది సెయ్యి. పడవోల్ల పిల్ల నువ్వా, నేనా?"

రాజాబాబు పైకప్పు కోసేశాడు. తలుపులు ఊడదీశాడు. మామిడి పలకలు కాచి వంచి కారు చుట్టూ అమర్చారు. ఆమె నేలమీదే నిలబడి, కూర్చుని, పడుకుని కుట్టింది. కొబ్బరిపీచు తాడు ఒరుసుకుని అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక్కో కుట్టు పడుతుంటే కారు తగ్గిపోతోంది, పడవ పెరుగుతోంది. బానెట్టు ఉన్నచోట ముక్కు లేచింది. హెడ్‌లైట్లు లోపలికి పోయి చేప కళ్ళయ్యాయి. నీలం రెక్సినుతో తెరచాప ఆమే కుట్టింది. మీట నొక్కితే తెడ్లు రెండు పక్కలా లేచి గాలిని తోడుతున్నాయి. చింతపల్లి జీపులు ఆపి మరీ జనం చూశారు. చూసినవాళ్ళందరూ ముచ్చటపడుతుంటే, కుట్టిన మనిషి మాత్రం దాని మీద చేతులు తప్ప ఒళ్ళు ఆననిచ్చేది కాదు. పలక అందకపోతే స్టూలు వేసుకునేది కాని, అంచు మీద మోకాలు కూడా ఆనించేది కాదు.

ఒక రోజు కాసులమ్మ చేపల గంప ఖాళీ చేసుకుని షెడ్డుకు వచ్చింది. కూతురు దబ్బనం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాసులమ్మ పడవ చుట్టూ ఒకసారి తిరిగింది. ఒక కుట్టు మీద వేలు పెట్టి నొక్కి చూసింది.

"గడ్డి ఇంకొంచెం బిగించు. అలకొడితే ఊడొచ్చీగలదు" అని గంప నెత్తినెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ మాటలో కోపముందా, దుఃఖముందా, ఏమీ లేదా అని గంగాభవాని రాత్రంతా వెతుక్కుంది. ఏమీ దొరకలేదు. రాయి మీద పోసిన నీళ్ళలా ఉండేది ఆ తల్లి ముఖం, ఎటు జారిందో తెలిసేది కాదు.

అసలు తప్పు చేసింది మాత్రం పోటీకి బయలుదేరిన పొద్దున. రాజాబాబు అందరు బండివాళ్ళలాగే నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. అక్కడితో ఊరుకుంటే అది కారుగానే ఉండిపోయేది. కాని జాలరి పిల్ల చేతులు ఊరుకుంటాయా? ముక్కుకు పసుపు రాసింది. బొట్లు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు పలకల మీద చల్లి, కళ్ళు మూసుకుని, "గంగమ్మ తల్లీ, నీ బిడ్డని నీలోకి అంపుతున్నాను, సల్లగా సూడు" అని, వాళ్ళ అయ్య అనేటట్టే అంది. అనేశాక గాని తాను ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. కారుకు ఆ మాట ఎవరూ చెప్పరు. కొత్త పడవకే చెబుతారు. నీళ్ళు తాకని కొత్త పడవను తన నోటితోనే చేసి పెట్టుకుంది.

మొదటి విడతలు విశాఖలో ఒక పెద్ద గోదాములో జరిగాయి. బండి ముందు నిలబడి ఎలా చేశారో చెప్పడం, మీటలు నొక్కి చూపించడం అంతే. ఎక్కమని ఎవరూ అనలేదు. ఒక్కొక్క జట్టే రాలిపోగా చివరికి ముగ్గురు మిగిలారు. అనకాపల్లి వాళ్ళు మారుతిని బెల్లం దిమ్మ చేశారు, దాని మీద రేకు ఈగలు గిరగిరా తిరుగుతున్నాయి. బొబ్బిలి వాళ్ళు ఫియట్‌ను వీణ చేశారు, గేరు మారిస్తే తీగ మోగుతుంది. మూడోది మన పడవ. ఇంకొక్క అడుగులో కంప్రెసరు ఉంది. రాజాబాబుకు నిద్ర లేదు. ఆమెకూ లేదు, కారణాలు వేరు.

ఆఖరి పోటీ భీమిలి దారిలో, సముద్రం పక్కనే ఉన్న ఇసక మైదానంలో పెట్టారు. గాలిలో ఉప్పు తగిలింది. గంగాభవాని ఆ హోరు వినడం పదహారేళ్ళ తర్వాత ఇదే. వీపు అటు తిప్పుకుని నిలబడింది. షామియానా కింద కుటుంబాల వాళ్ళకు కుర్చీలు వేశారు. ముందు వరుసలో కాసులమ్మ కొత్త చీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

ప్రోగ్రాం నడిపే పృథ్వీరాజ్ మైకు పట్టుకుని వచ్చాడు. చురుకైన కుర్రాడు, నవ్వు చెదరదు. టీవీ వాళ్ళకు ఎవరి కళ్ళలోనైనా నీళ్ళు కనబడితే పండగే. "గంగాభవాని గారికి మా ఛానెల్ తరఫున ఒక సర్‌ప్రైజ్! మేము మీ సొంత ఊరు వెళ్ళాం. మీ వాళ్ళను తీసుకొచ్చాం" అన్నాడు.

షామియానా పక్కనుంచి ఒక ముసలాయన వచ్చాడు. భుజం మీద తువ్వాలు, గళ్ళ లుంగీ, వంగిన నడుము. అప్పలకొండ. గంగాభవాని రెండడుగులు వెనక్కి వేసి బండి అంచుకు తగిలి, నిప్పు తగిలినట్టు పక్కకు గెంతింది.

అప్పలకొండ ఆమెను చూడలేదు. పడవను చూశాడు. ముక్కు నుంచి తోక దాకా, కుట్టు వెంట కుట్టు, తడిమి తడిమి చూశాడు. ముక్కు మీది పసుపు దగ్గర అతని చూపు ఆగింది. ఆ చూపు ఆగడం గంగాభవాని చూసింది.

"చెప్పండి పెద్దాయనా, మీ అమ్మాయికి చిన్నప్పటి నుంచీ పడవలంటే ఇష్టమేనా?" అని పృథ్వీరాజ్ మైకు అతని నోటి దగ్గర పెట్టాడు.

అప్పలకొండ పెదవులు తడుపుకున్నాడు. కెమెరా వాడు దగ్గరికి జరిగాడు. "ఇష్టమే బాబూ" అని, నేలకేసి చూస్తూ వెళ్ళి కాసులమ్మకు ఒక కుర్చీ ఎడంగా కూర్చున్నాడు. వదినా మరిదీ ఒకరినొకరు పలకరించుకోలేదు.

అప్పుడు చెప్పాడు పృథ్వీరాజ్ ఆఖరి షరతు. "జట్టులో ఉన్న ఇద్దరూ బండి ఎక్కాలి. ఇసకలో ఒక చుట్టు తిరిగి స్టేజి దగ్గరికి రావాలి. జట్టులో ఒక్కరు తగ్గినా, ఒక్కరు ఎక్కువైనా అవుట్."

బెల్లం దిమ్మ తిరిగి వచ్చింది. సగం ఈగలు దారిలో రాలిపోయాయి. వీణ తిరిగి వచ్చింది, కాని మెడ విరిగింది. రాజాబాబుకు ఆశ లేచింది. కుట్టిన పడవకు కుదుపులో విరగడానికి మేకే లేదు. తిరిగి వస్తే చాలు. ఒక్క గెంతులో లోపలికెక్కి స్టీరింగు పట్టుకుని, "రాయే, బేగి రా!" అని చెయ్యి చాచాడు.

గంగాభవాని కదల్లేదు.

"ఏటే? రా!"

"నేనెక్కను."

రాజాబాబు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. కిందికి వంగి, "ఏటైనాది?" అన్నాడు.

"నేనెక్కితే నువ్వు పోతావు." గొంతు గుసగుసగా వచ్చింది. "మా అయ్య అలాగే పోనాడు. కొత్త పడవ మీద నేను కాలెట్టినాను. ఒడ్డు మీద అందరూ అన్నారు. నీకు సెప్పలేదు. నువ్వొక్కడివే ఎల్లిపో, లేకపోతే వొదిలీ. నేనెక్కను."

రాజాబాబు చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. అతను ఆమె ముఖమే చూస్తున్నాడు, కాళ్ళకేసి చూడలేదు. అది గమనించే స్థితిలో ఆమె లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎక్కితే మొగుడి ప్రాణం, ఎక్కకపోతే మొగుడి ఆశ.

"మేడమ్, టైమ్ అవుతోంది. ఎక్కకపోతే అవుట్ అని ప్రకటించాల్సి ఉంటుంది" అన్నాడు పృథ్వీరాజ్. ఇద్దరు కెమెరా వాళ్ళు చెరో పక్కా చేరారు. షామియానా కింద జనం లేచి నిలబడ్డారు. అప్పలకొండ కూడా లేచాడు. అతను నోరు తెరవబోతున్నాడని, మళ్ళీ ఆ మాటే ఇంతమందిలో, మైకులో అరుస్తాడని గంగాభవాని రెండు చేతులతో చెవులు మూసుకుంది.

ఆ చెవులు మూసుకోవడం చూసింది కాసులమ్మ. ఎనిమిదేళ్ళప్పుడు, ఒడ్డు మీద, ఆ మాట విన్నాక తాను వెనక్కి తిరిగి చూసేసరికి ఆ పిల్ల అచ్చం అలాగే మూసుకుని ఉంది. కాసులమ్మ కుర్చీలోంచి లేచింది. అడ్డువచ్చిన కుర్రాణ్ణి చేపల బజారులో తోసినట్టు పక్కకు తోసి, ఇసకలో గబగబా నడిచి వచ్చి, కూతురి చేతులు రెండూ చెవుల మీంచి లాగేసింది.

"నీకు గేపకమున్నాదేటే?"

గంగాభవాని తలూపింది.

"అంతా?"

"అంతా."

"మర్సిపోనావనుకున్నానే!" కాసులమ్మ ఆ చేతులు వదల్లేదు. "సిన్నపిల్ల, మర్సిపోయుంటాది, నేనెత్తితే మల్లీ గేపకమొచ్చెస్తాదని నోరు కుట్టీసుకున్నాను. ఇన్నాళ్ళూ దీన్ని మోస్తన్నావేటే తల్లీ?"

"నువ్వు నన్నే అనుకుంటన్నావనుకున్నానమ్మా. ఒక్కపాలైనా కాదని సెప్పలేదు నువ్వు."

"అననిదానికి కాదనేటి సెప్తానే!" ఏడుస్తూనే తిట్టింది. "మీ అయ్య గాలికి పోనాడే. గాలికి! ఆ గాలికి ఆయేల మూడు పడవలు పోనాయి. మిగతా రెండిటి మీద ఎవులు కాలెట్టినారు, సెప్పు!"

ఆ మాట కూతురితో అంది కాని, మొహం షామియానా కేసి తిప్పి అంది. అప్పలకొండ నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు.

తరవాత కాసులమ్మ చేసిన పని ఆ పేటలో పుట్టిన ఆడవాళ్ళెవరూ చేసి ఉండరు. చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. చెప్పులు వదిలేసింది. పడవ అంచు మీద అరచెయ్యి ఆనించి, ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలు కూడా లాక్కుని, వెనక పలక మీద ధబీమని కూర్చుంది. ముఖం తెల్లగా పాలిపోయింది. ఆమెకూ భయమే. పుట్టినప్పటి నుంచి నూరిపోసిన భయం ఒక్క మాటతో పోదు. పలకను రెండు చేతులతో పట్టుకుని, "నేనెక్కీసినాను. ఏటైనా అయితే నాకే అవ్వాల. ముందు నాది పడింది కాలు. రా" అంది.

పృథ్వీరాజ్ నవ్వు మొదటిసారి చెదిరింది. "అమ్మా, మీరు దిగాలి. జట్టువాళ్ళు తప్ప ఎవరూ ఎక్కకూడదు. మీరు బండిలో ఉండగా కదిలితే వీళ్ళు అవుట్."

రాజాబాబు స్టేజి వైపు చూశాడు. రిబ్బను కట్టిన ఎర్ర కంప్రెసరు అక్కడ ఎండలో మెరుస్తోంది. చాలాసేపే చూశాడు, అబద్ధమెందుకు. తరవాత స్టీరింగు వైపు తిరిగి, "అత్తా, గట్టిగా పట్టుకో. ఫస్టు గేరు కొంచెం గెంతుతాది" అన్నాడు. వెనక్కి తిరగకుండానే పెళ్ళానికి చెయ్యి అందించాడు.

గంగాభవాని ఆ చెయ్యి పట్టుకుంది. కాలెత్తింది. ఆ కాలు గాలిలో ఉన్నంతసేపూ ఊపిరి తీయలేదు. పాదం కింద మామిడి పలక తగిలింది, ఎండకు వెచ్చగా ఉంది. తానే బిగించిన కుట్టు వేళ్ళకు ఒరుసుకుంది. రెండో కాలు కూడా పెట్టి తల్లి పక్కన కూలబడింది. తల్లీకూతుళ్ళు ఒకరి చెయ్యి ఒకరు ఎముకలు నొప్పెట్టేలా పట్టుకున్నారు. "అవుట్!" అని మైకులో వినబడింది. ముగ్గురిలో ఎవరూ అటు చూడలేదు.

రాజాబాబు మీట నొక్కాడు. తెరచాప లేచింది, తెడ్లు ఆడాయి. అంబాసిడరు గుర్రుమంటూ పది గజాలు కదిలి, మెత్తటి ఇసకలో వెనక చక్రాలు కూరుకుపోయి ఆగిపోయింది. ఎంత తొక్కినా చక్రాలు అక్కడే తిరుగుతున్నాయి. కాలిన రబ్బరు వాసన వచ్చింది. గంగాభవాని కాలు పెట్టిందో లేదో, అనుకున్నంతా అయింది. మొగుడి వీపు మీద చెయ్యి వేసి, అతను ఊపిరి తీస్తున్నాడా లేదా అని చూసుకుంది. నవ్వొస్తుంది మనకు. ఆమెకు రాలేదు.

"నా బరువుకే దిగబడిపోనాది. నేను దిగిపోతాను" అని కాసులమ్మ లేవబోయింది.

వెనక నుంచి ఇసకలో అడుగుల చప్పుడు. అప్పలకొండ. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు బిగించి కట్టుకున్నాడు. పడవ తోక దగ్గరికి వచ్చి, రెండు కాళ్ళూ ఇసకలో తన్నిపెట్టి, రెండు చేతులా అంచు పట్టుకుని, భుజం పలకకు ఆనించాడు. అలా వంగేసరికి అతని ముఖం గంగాభవాని పాదాల దగ్గరికి వచ్చింది. కళ్ళలోంచి కారుతున్నది తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"దిగకు వదినా" అన్నాడు. "నీళ్ళకి తోస్తన్న పడవలోంచి మద్దిలో ఎవులూ దిగకూడదు. కూకో. మీరిద్దరూ కూకోండి."

ఆ మాట అని, మళ్ళీ భుజం పలకకు ఆనించి తోశాడు.